ఎన్‌కంబ్రెన్స్ అంటే ఏంది? మాట పుట్టుక నుంచి ఈసీ కాగితం దాకా తరచుగా అడిగే ప్రశ్నలు

తెలంగాణలో చౌటుప్పల్ దగ్గర ప్లాటు చూసినా, జడ్చర్లలో ఇల్లు కొన్నా, దేవరకొండ పక్కన రెండెకరాల చెలక బేరమాడినా ముందు అడిగే కాగితం ఈసీ, అంటే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్. ఆ పేరులో మొదటి మాట ఎన్‌కంబ్రెన్స్. మాట అర్థం తెలియక కాగితాన్ని తప్పుగా చదివేవాళ్లు ఉన్నారు, కాగితం బాగా తెలిసినా మాటను ఇంగ్లిష్‌లో తప్పుగా రాసేవాళ్లూ ఉన్నారు. ఇద్దరి నుంచీ అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తుండటంతో వాటిని ఇక్కడ కూర్చాం. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా పోవచ్చు.

## మాట, దాని అర్థం

ఎన్‌కంబ్రెన్స్ అంటే ఒక్క ముక్కలో ఏంది?

ఆస్తిని అంటుకుని ఉండి, యజమాని మారినా వదలని భారం. భూమి మీ పేరు మీదే ఉంటుంది, కానీ దాని మీద ఇంకొకరికి హక్కో, రావాల్సిన సొమ్మో ఉంటుంది. మీరు అమ్మితే ఆ భారం భూమితోపాటే కొన్నవాళ్ల దగ్గరికి పోతుంది.

అమ్మే ఆయన ఊళ్లో ప్రామిసరీ నోటు మీద ఐదు లక్షలు తెచ్చుకున్నాడనుకోండి. అది ఆయన అప్పు. ఆయన భూమి కొన్నంత మాత్రాన ఆ నోటు మీకు చుట్టుకోదు. అదే ఐదు లక్షలకు ఆ భూమినే రిజిస్టర్ తాకట్టు పెట్టి ఉంటే, మీరు కొన్న తర్వాత కూడా అప్పిచ్చినవాళ్లు ఆ భూమి మీదికి రావచ్చు. రెండోదే ఎన్‌కంబ్రెన్స్. అయితే నోటు బాకీ మీద కోర్టుకు పోయి భూమిని జప్తు చేయిస్తే, అప్పుడు ఆ జప్తు కూడా ఆస్తి భారమే అవుతుంది.

తెలుగులో రుణభారం అంటరు కదా, అంటే అప్పు ఒక్కటేనా?

కాదు. రుణభారం అనే అనువాదం వాడుకలో ఉన్నా అది అర్థాన్ని కుదించేస్తుంది. పైసలతో సంబంధం లేని భారాలూ ఎన్‌కంబ్రెన్స్ కిందికే వస్తాయి. పక్క పొలానికి మీ గట్టు మీద నుంచి బండి బాట హక్కు ఉంటే అది భారం. కొడుకుకు ఇల్లు దానం రాసి ‘నేను బతికున్నంత కాలం నేనే అనుభవిస్తాను’ అని తల్లి రాసుకుంటే ఆ జీవితకాల హక్కు భారం. పదేళ్ల లీజు కూడా అంతే. ఒక్క మాటే కావాలంటే ‘భారం’ అనడం మేలు.

చార్జి, లియన్, మార్ట్‌గేజ్, ఎన్‌కంబ్రెన్స్ అన్నీ ఒకటేనా?

ఎన్‌కంబ్రెన్స్ పెద్ద మాట, మిగతావి దానిలో రకాలు. మార్ట్‌గేజ్ అంటే అప్పుకు హామీగా స్థిరాస్తిలో హక్కును బదిలీ చేయడం, మన దగ్గర కుదువ పెట్టుడు అనేది. ఆస్తి బదిలీ చట్టం 1882లో 58వ సెక్షన్ దాన్ని నిర్వచిస్తుంది. చార్జి అంటే ఆస్తిలో హక్కు బదిలీ కాకుండా, ఆ ఆస్తి నుంచి సొమ్ము రాబట్టుకునే హక్కు మాత్రమే ఉండటం. ఇది 100వ సెక్షన్. లియన్ అంటే బాకీ తీరేదాకా వస్తువును తన దగ్గర ఆపుకునే హక్కు. మెకానిక్ కూలి ఇచ్చేదాకా బండిని ఆపుకోవడం లియనే.

ఎట్ల పలకాలె? స్పెల్లింగ్ ఏది కరెక్టు?

మూడే ముక్కలు: ఇన్-కం-బ్రన్స్. ఒత్తు మధ్య ముక్క మీద. మన దగ్గర ‘ఎన్‌కంబరెన్స్’ అని నాలుగు ముక్కలుగా పలుకుతారు, ఆ పలుకుబడే స్పెల్లింగ్‌ను చెడగొడుతుంది. సరైన వరుస ఈ, ఎన్, సీ, యూ, ఎం, బీ, ఆర్, ఏ, ఎన్, సీ, ఈ. మొత్తం 11 అక్షరాలు. బీకి, ఆర్‌కు మధ్య ‘ఈ’ అక్షరం రాదు.

ఎన్‌కంబర్ అనే క్రియలో ఆ ‘ఈ’ ఉంటుంది, నామవాచకం చేసేటప్పుడు ఎగిరిపోతుంది. హిండర్ నుంచి హిండ్రన్స్, రిమెంబర్ నుంచి రిమెంబ్రన్స్, ఎంటర్ నుంచి ఎంట్రన్స్ అయినట్టే. ఈ నాలుగింటినీ కలిపి నేర్చుకున్న పిల్లలు పరీక్షలో తప్పు రాయరు.

## పుట్టుక

ఈ మాట ఎక్కడి నుంచి వచ్చింది?

ఫ్రెంచి నుంచి ఇంగ్లిష్‌లోకి. పాత ఫ్రెంచిలో ‘ఆంకోంబ్రే’ అంటే దారిని అడ్డగించడం. అందులోని ‘కోంబ్ర్’కు అర్థం అడ్డు, ఏటికి అడ్డంగా వేసిన కట్ట. దానికి మూలం మధ్యయుగపు లాటిన్ ‘కోంబ్రుస్’, అంటే నరికిన చెట్లను అడ్డంగా పడేసి కట్టిన అడ్డుగోడ. అది కూడా అసలు లాటిన్ మాట కాదనీ, ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతంలో రోమన్లకు ముందు నుంచీ ఉన్న కెల్టిక్ జనాల భాష నుంచి వచ్చి ఉంటుందనీ భాషావేత్తలు భావిస్తారు. ‘మోసుకొచ్చి ఒకచోట పోగేసినది’ అనే అర్థమిచ్చే మూలం అది.

ఇంగ్లిష్‌లోకి 1300 ప్రాంతంలో ఇబ్బంది, చిక్కు అనే అర్థంతో వచ్చింది. ఆస్తి మీద ఇతరుల హక్కు అనే చట్టపరమైన అర్థం 17వ శతాబ్దంలో స్థిరపడింది. మాట ప్రయాణం చూస్తే అర్థం ఎందుకు అలా మారిందో తెలుస్తుంది: ముందు దారికి అడ్డం, తర్వాత మనిషికి అడ్డం, చివరికి ఆస్తి చేతులు మారడానికి అడ్డం. ఇప్పటి ఫ్రెంచిలో ‘ఆంకోంబ్రమాన్’ అంటే కిక్కిరిసిన రోడ్డు.

ఇదే కుటుంబంలో ఇంగ్లిష్‌లో బాగా వినబడే ఇంకో మాట కంబర్‌సమ్. మోయడానికి, నడపడానికి ఇబ్బందిగా, బరువుగా ఉండేదని అర్థం.

పాత చట్టంలో ఐ అక్షరంతో ఇన్‌కంబ్రెన్స్ అని ఉంది. అచ్చుతప్పా?

అచ్చుతప్పు కాదు, పాత స్పెల్లింగ్. ఆస్తి బదిలీ చట్టం 1882లో ఐతోనే ఉంది. 1849లో ఐర్లండ్ కోసం చేసిన చట్టం పేరూ ఇన్‌కంబర్డ్ ఎస్టేట్స్ చట్టమే. అప్పుల్లో మునిగిన జమీందారీ ఎస్టేట్లను అమ్మించడానికి చేసిన చట్టమది. ఆ తరవాత ‘ఈ’తో రాసేది నిలబడింది. ఇవాళ మీరు రాసేటప్పుడు ‘ఈ’తోనే రాయండి. చట్టం వాక్యాన్ని యథాతథంగా ఎత్తి రాస్తే మాత్రం ఐని అలాగే ఉంచండి.

ఎలక్షన్లప్పుడు వినే యాంటీ ఇన్‌కంబెన్సీకి, దీనికి చుట్టరికం ఉందా?

లేదు. చెవికి దగ్గరగా ఉంటాయి కాబట్టి చాలామంది కలిపేస్తారు. ఇన్‌కంబెంట్ లాటిన్ ‘ఇన్‌కుంబెరె’ నుంచి వచ్చింది, అంటే మీద ఆనుకుని ఉండటం. పదవిని అంటిపెట్టుకుని ఉన్నవాడు ఇన్‌కంబెంట్, అంటే ప్రస్తుత ఎమ్మెల్యే, ప్రస్తుత సర్పంచ్. లొంగిపోవడం అనే అర్థమిచ్చే సకంబ్ కూడా ఆ లాటిన్ కుటుంబానిదే. ఎన్‌కంబ్రెన్స్‌ది కట్ట, అడ్డు అనే వేరే మూలం. దోసకాయకు చెప్పే కుకుంబర్‌కు ఈ రెండింటితోనూ సంబంధం లేదు.

## ఇంగ్లిష్ వాక్యంలో వాడుక

దీని పక్కన ఏ ప్రిపోజిషన్ వాడాలె?

నామవాచకం అయితే ఆన్: ‘యాన్ ఎన్‌కంబ్రెన్స్ ఆన్ ద ప్రాపర్టీ’. క్రియ అయితే విత్ లేదా బై: ‘ద ల్యాండ్ ఈజ్ ఎన్‌కంబర్డ్ విత్ ఎ మార్ట్‌గేజ్’. భారం లేదని చెప్పాలంటే ‘ఫ్రీ ఫ్రమ్ ఆల్ ఎన్‌కంబ్రెన్సెస్’. ఇది లెక్కపెట్టగల నామవాచకం. అందుకే ఒకటైతే ముందు యాన్, ఎక్కువైతే చివర ఎస్. భారం లేని ఆస్తికి విశేషణం అన్‌ఎన్‌కంబర్డ్. భారం ఎవరి పేరున ఉందో ఆ మనిషి లేదా బ్యాంకు ఎన్‌కంబ్రెన్సర్.

‘ఐ హ్యావ్ టేకెన్ ఎన్‌కంబ్రెన్స్ ఫ్రమ్ సబ్ రిజిస్ట్రార్’ అని అర్జీల్లో రాస్తుంటారు. అలా రాస్తే సబ్ రిజిస్ట్రార్ దగ్గర భారం తెచ్చుకున్నట్టు అవుతుంది. సర్టిఫికెట్ అనే మాట వదలకండి.

ఆస్తి సంగతి కాకుండా మామూలుగా కూడా వాడతరా?

వాడతారు, కానీ కాస్త పుస్తక భాష. బరువు సామాను నడకకు ఎన్‌కంబ్రెన్స్, పనికి రాని నిబంధన పనికి ఎన్‌కంబ్రెన్స్. మాట్లాడేటప్పుడు బర్డెన్ అనడమే సహజం. పాత ఇంగ్లండు పత్రికల్లో పనివాళ్ల కోసం వేసే ప్రకటనల్లో ‘భార్యాభర్తలు కావాలి, నో ఎన్‌కంబ్రెన్స్’ అని ఉండేది. పిల్లలు లేనివాళ్లు కావాలని దాని అర్థం. నిఘంటువుల్లో ఈ మాటకు ‘ఆధారపడినవారు, ముఖ్యంగా సంతానం’ అనే అర్థం కనబడటానికి కారణం ఇదే. ఇవాళ అలా వాడితే బాగుండదు.

బడ్జెట్ కాగితాల్లో ఎన్‌కంబ్రెన్స్ అని ఉంది. భూమి సంగతి కాదు కదా అది?

కాదు. ప్రభుత్వ పద్దుల్లో, ముఖ్యంగా అమెరికా తరహా లెక్కల్లో, ఆర్డరు ఇచ్చేసి ఇంకా చెల్లించని సొమ్మును పక్కన కట్టి ఉంచడాన్ని ఎన్‌కంబ్రెన్స్ అంటారు. సొమ్ము ఖజానాలోనే ఉంటుంది గానీ వేరే పనికి వాడటానికి లేదు.

అమెరికాలో ఉన్న మా బాబుకు ఈసీ పంపిస్తే అక్కడోళ్లకు అర్థమైతదా?

మాట అర్థమవుతుంది, కాగితం అర్థం కాదు. ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్ అనేది మన దేశపు వాడుక. అక్కడ ఆ పనికి టైటిల్ సెర్చ్ రిపోర్టు అంటారు. పంపేటప్పుడు ‘ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఈ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా’ అని ఒక వాక్యం ఇంగ్లిష్‌లో జతచేస్తే సరిపోతుంది.

## ఈసీ తీసేటప్పుడు

ఈసీ ఎక్కడ దొరుకుతది?

ప్లాటు, ఇల్లు, ఫ్లాట్ అయితే రిజిస్ట్రేషన్, స్టాంపుల శాఖ వెబ్‌సైట్లో గానీ, మీసేవలో గానీ, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో గానీ. కంప్యూటర్లో 1983 జనవరి 1 నుంచి ఉన్న లావాదేవీలు దొరుకుతాయి. అంతకు ముందువి కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అర్జీ పెట్టి పుస్తకాల్లో వెతికించాలి. చాలా పాత దస్తావేజులు ఉర్దూలో, ఫసలీ సంవత్సరాలతో ఉంటాయి. ఫసలీకి 590 కలిపితే దాదాపుగా ఇంగ్లిష్ సంవత్సరం వస్తుంది.

వ్యవసాయ భూమి అయితే రెండు చోట్ల చూడాలి. 2020 నవంబరు 2 నుంచి వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్ తహసీల్దార్ ఆఫీసులో ధరణి పోర్టల్ ద్వారా జరిగింది. 2025లో ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. కాబట్టి 2020 నవంబరు తర్వాతి వివరాలు ఆ పోర్టల్‌లో, అంతకు ముందువి సబ్ రిజిస్ట్రార్ రికార్డులో ఉంటాయి. పోర్టల్ ఒక్కటి చూసి ఏమీ లేదనుకుంటే పాత తాకట్టు కంటబడదు.

సర్వే నంబరు కొడితే ఏం వస్తలేదు. మరి నిల్ అన్నట్టేనా?

తొందరపడకండి. వెతికిన తీరు తప్పయినా ఖాళీయే వస్తుంది. మన దగ్గర ఎక్కువగా దెబ్బకొట్టేది బై నంబరు. తెలంగాణలో సర్వే నంబరును 124/అ, 124/ఆ, 124/ఇ, 124/ఉ అని చీలుస్తారు. కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు ‘అ’ను ఇంగ్లిష్ ‘ఏ’గా, ‘ఆ’ను రెండు ‘ఏ’లుగా కొట్టారు. రెండో ‘ఏ’ పడకపోతే 124/ఆ భూమి లావాదేవీ 124/అ కింద చేరిపోతుంది. కొన్ని చోట్ల బై నంబరే లేకుండా ఉత్త 124 అని ఎక్కించారు. అందుకే ముందు బై నంబరు లేకుండా, తర్వాత ఒక్కో బై నంబరుతో వెతకండి.

రెండోది గ్రామం పేరు. రెవెన్యూ గ్రామం వేరు, ఆవాసం వేరు. మీరు నిలబడి చూసిన తండా పేరుతో కాకుండా అది ఏ రెవెన్యూ గ్రామం శివారులో ఉందో ఆ పేరుతో వెతకాలి. మూడోది ఇంటి నంబర్లు. మున్సిపాలిటీ నంబర్లు మార్చిన చోట పాతదీ కొత్తదీ రెండూ ఇవ్వండి. ఇవన్నీ చేసినా రాకపోతే అమ్మేవాళ్ల దస్తావేజు నంబరు, సంవత్సరంతో వెతకండి. ఆ దస్తావేజు రికార్డులో ఏ సర్వే నంబరుతో ఎక్కిందో దొరికిపోతుంది. అమ్మేవాళ్లు కొన్న దస్తావేజే ఈసీలో కనబడకపోతే ఆ వెతుకులాటను లెక్కలోకి తీసుకోవద్దు.

మా మండలం వేరే జిల్లాలోకి పోయింది. పాత రికార్డు ఎక్కడ చూడాలె?

2016 అక్టోబరు 11న ఉమ్మడి నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల ఏర్పడ్డాయి. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట వేరుపడింది. జిల్లా మారినంత మాత్రాన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు మారాలని లేదు. ఆ గ్రామం వేర్వేరు సంవత్సరాల్లో ఏ ఆఫీసు కింద ఉందో అడిగి తెలుసుకుని, ఆఫీసు మారి ఉంటే రెండు చోట్లా తీయించండి.

ఎన్నేండ్లకు తీయాలె?

30 ఏళ్లకు. లిమిటేషన్ చట్టం 1963 ప్రకారం తాకట్టు పెట్టినవాళ్లు ఆస్తిని విడిపించుకోవడానికి దావా వేసే గడువు 30 ఏళ్లు, తాకట్టు సొమ్ము రాబట్టుకోవడానికి 12 ఏళ్లు. పన్నెండు, పదమూడేళ్ల ఈసీ చాలని చెప్పేవాళ్లు రెండో గడువును మాత్రమే చూస్తున్నారు. ఖర్చులో తేడా స్వల్పం, పెద్దదే తీయండి.

## ఈసీ చదివేటప్పుడు

పేర్ల ముందు ఈఎక్స్, సీఎల్ అని ఉంటయి. ఏందవి?

ఈఎక్స్ అంటే ఎగ్జిక్యూటెంట్, రాసిచ్చినవాళ్లు. సీఎల్ అంటే క్లెయిమెంట్, రాయించుకున్నవాళ్లు. అమ్మకమైతే అమ్మినవాళ్లు ఈఎక్స్, కొన్నవాళ్లు సీఎల్. ఎంఆర్ తాకట్టు పెట్టినవాళ్లు, ఎంఈ తాకట్టు పట్టినవాళ్లు, అంటే ఎక్కువగా బ్యాంకు. డీఆర్ దానమిచ్చినవాళ్లు, డీఈ పుచ్చుకున్నవాళ్లు.

చదవాల్సింది కింది నుంచి పైకైనా, పై నుంచి కిందికైనా తేదీల వరుసలో. ఒక దస్తావేజులో సీఎల్‌గా ఉన్న మనిషే తర్వాతి దస్తావేజులో ఈఎక్స్‌గా రావాలి. మధ్యలో కొత్త పేరు ఊడిపడితే అక్కడ గొలుసు తెగినట్టు. ఆ కొత్త మనిషికి వారసత్వంగా వచ్చిందా, కోర్టు డిక్రీ వల్ల వచ్చిందా, లేక ఏ ఆధారమూ లేకుండా అమ్మాడా అనేది కాగితం చూపించమని అడగాలి.

ఒక్కో వరుసలో మూడు తేదీలు ఎందుకు?

ఆర్ అంటే రిజిస్టరైన తేదీ, ‘ఈ’ అంటే సంతకం పెట్టి రాసిచ్చిన తేదీ, పీ అంటే ఆఫీసులో దాఖలు చేసిన తేదీ. రాసిన నాటి నుంచి నాలుగు నెలల్లో దాఖలు చేయవచ్చని రిజిస్ట్రేషన్ చట్టం 1908లో 23వ సెక్షన్ చెబుతుంది. రిజిస్టరైన దస్తావేజు రాసిన తేదీ నుంచే అమల్లోకి వస్తుందని 47వ సెక్షన్. ఈ రెండూ కలిస్తే ఒక సందు మిగులుతుంది: నిన్న వేరేవాళ్లకు రాసిచ్చి ఇంకా దాఖలు చేయని దస్తావేజు ఇవాళ్టి ఈసీలో కనబడదు, కానీ రేపు రిజిస్టరైతే మీకంటే ముందుదే అవుతుంది. అందుకే బేరం కుదిరిన రోజు, రిజిస్ట్రేషన్ రోజు పొద్దున, మళ్లీ తర్వాత కొన్ని నెలలకు చూసుకోవాలి.

ఒకే ప్లాటు ఇద్దరికి అమ్మిండ్రా అని ఈసీలో ఎట్ల పట్టుకోవాలె?

ప్లాటు నంబరుతో మాత్రమే తీస్తే దొరక్కపోవచ్చు. ఎందుకంటే రెండోసారి అమ్మేటప్పుడు ప్లాటు నంబరే మార్చేస్తారు. సర్వే నంబరు మొత్తానికి ఈసీ తీసి విస్తీర్ణాలు కూడండి. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 చదరపు గజాలు. రెండెకరాల పది గుంటల భూమి 90 గుంటలు, అంటే 10,890 గజాలు. ఇందులో రోడ్లకు పోగా మిగిలేది ఇంకా తక్కువ. ఈసీలో మొదటిసారి అమ్మిన ప్లాట్లన్నీ కూడితే 11,400 గజాలు వచ్చిందంటే లేని భూమిని ఎవరికో అమ్మారు. చేతులు మారిన ప్లాటును రెండుసార్లు కూడకుండా చూసుకోండి. హద్దులూ పోల్చండి: రెండు వేర్వేరు ప్లాటు నంబర్లకు నాలుగు దిక్కులా ఒకే హద్దులు ఉంటే అది ఒకటే ప్లాటు.

లోన్ మొత్తం కట్టేసినం. అయినా ఈసీలో తాకట్టు కనబడుతున్నది. తీసేయించాలె ఎట్ల?

తీసేయడం ఉండదు. ఈసీ అంటే జరిగిన లావాదేవీల వరుస, ఒకసారి ఎక్కింది చెరిగిపోదు. అప్పు తీరినట్టు బ్యాంకు రాసిచ్చే విడుదల పత్రాన్ని రిజిస్టర్ చేయిస్తే అది కొత్త వరుసగా కింద చేరుతుంది. కొనేవాళ్లు తాకట్టు వరుసను, దానికి జవాబైన విడుదల వరుసను జతగా చూస్తారు. నో డ్యూస్ సర్టిఫికెట్ బీరువాలో పెట్టుకుని విడుదల పత్రం రిజిస్టర్ చేయించకపోవడమే అందరూ చేసే పొరపాటు. ఏళ్లు గడిచి ఆ బ్రాంచి ఇంకో బ్యాంకులో కలిసిపోయాక ఆ సంతకం తెచ్చుకోవడం కష్టం. బాకీ కట్టిన వారంలోనే పని ముగించుకోండి.

## నిల్ వచ్చాక

నిల్ వచ్చింది. ఇగ భయం లేదా?

నిల్ అంటే ఆ ఆస్తి వివరాలతో, ఆ కాలంలో, ఆ ఆఫీసు పుస్తకాల్లో ఏమీ దొరకలేదని మాత్రమే. భారమే లేదని అర్థం కాదు. సర్టిఫికెట్ మీద రాసిన మాటలు నిదానంగా చదివితే అదే చెబుతుంది.

ఈసీకి ఎక్కని భారాలు చాలా ఉన్నాయి. కోర్టులో నడుస్తున్న దావా సాధారణంగా ఎక్కదు. కానీ దావా నడుస్తుండగా కొన్నవాళ్లు ఆ తీర్పుకు కట్టుబడాల్సిందేనని ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్ చెబుతుంది, దావా సంగతి తెలియకపోయినా సరే. ఇంటి పన్ను, కరెంటు బాకీలు ఎక్కవు. రిజిస్టర్ చేయించని లీజులు ఎక్కవు, ఊళ్లో కౌలు అయితే నోటిమాట మీదే నడుస్తుంది. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లల వాటా ఎక్కదు. ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్ భూములు రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ కింద నిషేధిత జాబితాలో ఉంటాయి. ఆ జాబితాను విడిగా చూడాలి.

మనిషిని పంపి భూమి మీద ఎవరున్నారో చూడటం ఈసీ తీయడమంత ముఖ్యం. భూమి వేరేవాళ్ల కబ్జాలో ఉంటే వాళ్ల హక్కు సంగతి కొనేవాళ్లకు తెలిసినట్టే చట్టం లెక్కిస్తుంది. ‘మాకు చెప్పలేదు’ అంటే నడవదు.

సాదాబైనామా ఈసీలో కనబడతదా?

కనబడదు. తెల్లకాగితం మీద రాసుకున్నది రిజిస్టర్ పుస్తకానికి ఎక్కలేదు కాబట్టి. మన జిల్లాల్లో ఒక తరం కొనుగోళ్లు చాలావరకు అలాగే జరిగాయి. పట్టా ఒకరి పేరున, సాగు ఇంకొకరిది అయిన చోట అమ్మేవాళ్ల మాట నమ్మకుండా పాత పహాణీల్లో అనుభవదారు పేరు రాసే గడి చూడండి, చుట్టుపక్కల గెట్టు రైతులను అడగండి.

వీలునామా రిజిస్టర్ చేసినా ఈసీలో ఎందుకు రాలేదు?

స్థిరాస్తి దస్తావేజులు ఒకటో నంబరు పుస్తకంలో, వీలునామాలు మూడో నంబరు పుస్తకంలో ఎక్కుతాయి. ఈసీ వెతికేది ఒకటో పుస్తకపు సూచికల్లో. రాసినవాళ్లు బతికి ఉండగా మూడో పుస్తకం నకలు వాళ్లకు, వాళ్ల ఏజెంటుకు తప్ప ఇవ్వరు. చనిపోయాక ఎవరైనా అడగవచ్చు. పైగా వీలునామాను రిజిస్టర్ చేయాలన్న నిర్బంధమే లేదు. చనిపోయినవాళ్ల ఆస్తి వారసుల నుంచి కొనేటప్పుడు వారసులందరి సంతకాలూ పెట్టించాలనేది అందుకే.

బయానా ఇచ్చి నోటరీ అగ్రిమెంట్ చేసుకున్న. వేరేవాళ్లు ఈసీ తీస్తే నా పేరు వస్తదా?

రాదు. నోటరీ వేరు, రిజిస్ట్రేషన్ వేరు. అమ్మకపు ఒప్పందం దానంతట అదే ఆస్తిలో హక్కును పుట్టించదు కూడా. మీ ఒప్పందం సంగతి తెలియకుండా, పైసలిచ్చి, నిజాయితీగా వేరేవాళ్లు కొంటే వాళ్లకు చట్టం రక్షణ ఇస్తుంది. అగ్రిమెంటును రిజిస్టర్ చేయించండి, అప్పుడు ఈసీలో ఎక్కుతుంది.

ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టి లోన్ తీసుకుండ్రట. ఈసీలో లేదు. ఎట్ల?

ఒరిజినల్ దస్తావేజులు అప్పగించి అప్పు తెచ్చుకోవడం కూడా చట్టం ఒప్పుకున్న తాకట్టే. ఉత్తగా అప్పగిస్తే రిజిస్ట్రేషన్ అవసరం లేదు, కాబట్టి ఈసీలో పడకపోవచ్చు. 2011లో మొదలైన సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీలో బ్యాంకులు ఇలాంటి తాకట్లు నమోదు చేస్తాయి, అక్కడ ఎవరైనా వెతకవచ్చు. అన్నిటికంటే సులువైన పరీక్ష ఒరిజినల్ చూపించమనడం. ‘జిరాక్సులే ఉన్నయి, అసలువి పోయినయి’ అంటే బేరం అక్కడే ఆపండి.

ఈసీ నిల్ ఉన్న లావణి పట్టా భూమి కొనొచ్చా?

ప్రభుత్వం పేదలకు అసైన్ చేసిన భూమి అయితే కొనకూడదు. 1977 నాటి చట్టం అసైన్డ్ భూముల బదిలీని నిషేధించింది. ఈసీ నిల్ ఉండటానికి కారణం అది ఎన్నడూ అమ్మకానికి రాకపోవడమే. రక్షిత కౌలుదార్ల హక్కు కూడా ఇలాంటిదే. హైదరాబాద్ కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం 1950 కింద 38-ఇ సర్టిఫికెట్ పొందిన కుటుంబాలు ఈసీలో కనబడవు, తహసీల్దార్ ఆఫీసు రికార్డులో వెతకాలి.

దస్తావేజులో ఏ మాట రాయించాలె?

అమ్మేవాళ్లు భారాలన్నీ తీర్చి ఇవ్వాలని చట్టమే చెబుతుంది. ‘భారాలతో సహా అమ్ముతున్నాను’ అని రాసుకుంటే తప్ప. అయినా స్పష్టంగా రాయించడం మేలు. మన రైటర్లు రాసే వాక్యం దాదాపు ఇలా ఉంటుంది: ‘సదరు ఆస్తిపై ఎట్టి తనఖా, జప్తు, దాన, విక్రయ, కోర్టు వ్యవహారములు లేవనియు, ఒకవేళ ఏవైనా బయల్పడినచో నా స్వంత ఖర్చులతో పరిష్కరించి ఇవ్వగలవాడననియు, మీకు కలిగిన నష్టమును నా ఇతర ఆస్తుల నుండి భర్తీ చేయగలవాడననియు...’ ఇందులో చివరి ముక్కను తొందరలో వదిలేస్తుంటారు. అది ఉందో లేదో సంతకాలకు ముందు చదివించుకోండి.

రిజిస్ట్రేషన్ అయిపోయింది. మళ్ల ఈసీ తీయాలెనా?

తీయాలి. సీఎల్ దగ్గర మీ పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు దస్తావేజులో ఉన్నట్టే ఎక్కాయా చూడండి. దస్తావేజులోనే తప్పుంటే అమ్మినవాళ్లతో సవరణ దస్తావేజు రాయించి రిజిస్టర్ చేయించాలి. దస్తావేజు సరిగ్గా ఉండి కంప్యూటర్లో మాత్రమే తప్పు పడితే సబ్ రిజిస్ట్రార్‌కు నకలు జతచేసి అర్జీ ఇస్తే చాలు. అమ్మినవాళ్లు అందుబాటులో ఉండగానే ఈ పని చేసుకోండి.